కోటిరత్నం చెయ్యి, నాగేశ్వర్ల పలక

గిద్దలూరులో మేనత్త కూతురి పెళ్ళికి వెళ్ళిన కోటిరత్నాన్ని ఆడవాళ్ళంతా చుట్టుముట్టి, ఒకసారి వెనక్కి తిరిగి నిలబడమన్నారు. ఆమె తిరిగింది. జడ పక్కకు తీయమన్నారు. తీసింది. అప్పుడు గానీ వాళ్ళకు నమ్మకం కుదరలేదు. "ఆ, ఈమే. ఈ వీపే," అని పెళ్ళికూతురి పెద్దమ్మ తేల్చి చెప్పింది. తర్వాత భోజనాల పంక్తిలో కోటిరత్నం ఆకులో అడగకుండానే ఇంకో లడ్డు పడింది. వడ్డించే మనిషి వెనకనుంచి వచ్చాడు కాబట్టి సరిపోయింది. ముందునుంచి వచ్చి ఉంటే ఆ లడ్డు పక్కావిడకు పోయేది.

మార్కాపురం పలకల నాగేశ్వర్ల కూతురు కోటిరత్నం వీపు ఊరందరికీ తెలుసు. ముఖం మాత్రం ఎవరికీ గుర్తుండదు. "కోడలు కాదు కొరడా" అనే సీరియల్లో జ్వాల అనే కథానాయిక కొట్టిన దెబ్బలన్నీ నాలుగేళ్ళపాటు నిజానికి కొట్టింది ఈమె. కోపం, కన్నీళ్ళు, బొట్టు, దగ్గరనుంచి తీసే ముఖం హీరోయిన్‌వి. దూకడం, తన్నడం, గోడ ఎక్కడం, అద్దం పగలగొట్టుకుని అవతల పడడం కోటిరత్నానివి. సినిమావాళ్ళ భాషలో డూపు. వాళ్ళమ్మ సీతారత్నం భాషలో "వెనకామె".

ఆ సీరియల్ గురించి కొంచెం చెప్పుకోవాలి. జ్వాల ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు. పొయ్యి మీద పాలు పెట్టి, ఊళ్ళో ఎక్కడో అన్యాయం జరుగుతోందని తెలిసి, పట్టుచీరలోనే వెళ్ళి ఎనిమిదిమంది రౌడీలను పడగొట్టి, పాలు పొంగే లోపల తిరిగి వస్తుంది. తల్లోని మల్లెపూలు ఒక్కటి రాలదు. ఇందులో వాస్తవికత లేదని చదువుకున్నవాళ్ళు పెదవి విరుస్తారు గానీ, వాళ్ళు ముందు ఆ రౌడీల ఓపికను మెచ్చుకోవాలి. ఒకడు తన్నులు తింటుంటే మిగతా ఏడుగురు కత్తులు ఊపుకుంటూ తమ వంతు కోసం నిలబడతారు. రేషన్ షాపు దగ్గర కూడా అంత క్రమశిక్షణ కనపడదు. పైగా ప్రతి తన్నూ మూడుసార్లు చూపిస్తారు. మధ్యలో అత్త ముఖం, మామ ముఖం, ఆడపడుచు ముఖం, చివరికి వంటమనిషి ముఖం కూడా ఉలిక్కిపడి చూస్తాయి. తన్ను తిన్నవాడు గాలిలో ఉండగానే ప్రకటనలు వస్తాయి. సబ్బులు, కందిపప్పు, బంగారం అమ్ముడుపోయాక అతను తీరిగ్గా నేలమీదికి దిగుతాడు.

స్త్రీని శక్తిగా చూపించారని ఒక వర్గం ఈ సీరియల్‌కు సన్మానం చేసింది. స్త్రీని చెడగొడుతున్నారని ఇంకో వర్గం వినతిపత్రం ఇచ్చింది. ఆ శక్తి నడుముకు తాడు కట్టి ఉండేదనీ, అవతల ఇద్దరు లాగేవారనీ, వాళ్ళలో ఒకడు ఒక చేత్తో టీ తాగుతూ రెండో చేత్తో లాగేవాడనీ ఈ రెండు వర్గాలకూ తెలియదు.

కోటిరత్నం బీకాం చదవడానికి హైదరాబాదు వెళ్ళి, హాస్టలు పక్క మేడమీద కరాటే క్లాసులో చేరింది. ఆ క్లాసుకు ఒక ఫైట్ మాస్టరు వచ్చి అమ్మాయిలందరినీ గోడవైపు తిరిగి నిలబడమన్నాడు. ఎవరి ముఖమూ చూడలేదు. హీరోయిన్ వీపుతో సరిపోయిన వీపు దొరకగానే ఇంక బేరం లేదన్నాడు. కోమట్ల ఇంట పుట్టిన పిల్ల తన్నుల వ్యాపారంలోకి పోవడమేమిటని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. నాగేశ్వర్లు మాత్రం రోజూ ఏడున్నరకు దుకాణం కట్టేసి టీవీ ముందు కూర్చునేవాడు. ఒక్కో తన్ను మూడుసార్లు కనపడితే అది మూడు తన్నులని ఆయన లెక్క.

ఆయన పలకల మనిషి. మార్కాపురం రాయి, చెక్క చట్రం, మూడు తరాల దుకాణం. చేతికొచ్చిన ప్రతి పలకనూ వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. కంగున మోగితే మంచి పలక. దబ్బుమంటే లోపల చీలిక ఉందని అర్థం, పక్కన పారేస్తాడు. పెళ్ళి విందులో కూర్చున్నా ఎదురుగా ఉన్న పళ్ళేన్ని ఒకసారి తట్టి గానీ తినడు. కూతురి ఉద్యోగం గురించి నాలుగేళ్ళలో ఆయన అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. సీరియల్లో ఒకరోజు జ్వాల గుళ్ళో రాతి స్తంభాన్ని అరచేత్తో రెండు ముక్కలు చేసింది. ఆ వారం ఇంటికి వచ్చిన కూతురిని, ఆ స్తంభం ఏ ఊరి రాయి అని అడిగాడు.

అది థర్మకోల్. దాన్ని సెట్‌లోకి ఒక మనిషి చంకలో పెట్టుకుని తెచ్చాడు. కానీ తండ్రి ముఖంలోని శ్రద్ధ చూసి కోటిరత్నానికి ఆ మాట నోట రాలేదు. తాండూరు రాయి నాయనా అనేసింది.

"అద్దీ. తాండూరు రాయి గాబట్టి పగిలింది," అన్నాడు నాగేశ్వర్లు తృప్తిగా. "మన రాయి అయితే నీకూ కష్టమే."

ఆనాటినుంచి ఆయన దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ తాండూరు రాయి ఎంత పనికిమాలినదో చెబుతూ వచ్చాడు. ఆడపిల్ల చెయ్యి తగిలితే ముక్కలైందని సాక్ష్యం చూపించేవాడు.

సీరియల్లో జ్వాలకు లారీ గుద్ది జ్ఞాపకశక్తి పోయింది. మొగుణ్ణి మరిచిపోయింది, పుట్టింటిని మరిచిపోయింది, దాంతోపాటు ఫైటింగు కూడా మరిచిపోయింది. ఇక ఆరు నెలలు ఏడుపు కథ నడుస్తుందని ఛానెల్‌వాళ్ళు చెప్పారు. ఏడవడానికి డూపు అక్కర్లేదు. అప్పటికే కోటిరత్నం మోకాలు వానకాలంలో సలుపుతోంది. పెట్టె సర్దుకుని మార్కాపురం వచ్చేసింది.

వచ్చాక దుకాణంలో కూర్చోమన్నాడు నాయన. ప్లాస్టిక్ పలకలు వచ్చాక రాయి పలకకు గిరాకీ ఎట్లాగూ తగ్గింది. ఉన్న సరుకు దుమ్ము దులుపుతూ ఉంటే చాలు. కోటిరత్నం వారం రోజులు దులిపింది. అటక వైపు తిరిగి దుమ్ము దులిపే మనిషిది బజారులోంచి చూస్తే వీపు మాత్రమే కనపడుతుంది. పోయేవాళ్ళు ఆగి, "అదిగో, జ్వాల," అనుకుని పోయేవాళ్ళు. ఇట్లా ముసలిదాన్ని అయిపోతానేమోనని ఆమెకు మొదటిసారి భయం వేసింది. ఎనిమిదిమంది మీదికి దూకినప్పుడు వేయని భయం అది.

అప్పుడే వసుంధర మహిళా డిగ్రీ కళాశాలలో ఆత్మరక్షణ నేర్పేందుకు ఒక టీచరు కావాలని తెలిసింది. ఆ కాలేజీ నడిపే మనిషి పేరు వసుంధరే. బతికుండగానే సొంత పేరు పెట్టుకోవడమేమిటని అడిగినవాళ్ళతో, పోయినాక మీరు పెడతారని గ్యారంటీ ఏంది అన్న మనిషి. కోటిరత్నం నాయనతో ఒప్పందం చేసుకుంది. కాలేజీలో ఉద్యోగం వస్తే ఆమె దారి ఆమెది. రాకపోతే దుకాణమే, ఇంక నోరెత్తదు.

వసుంధరమ్మ ఆమెను కూర్చోబెట్టి టీ తెప్పించి, ముందుగా వెనక్కి తిరగమంది. సరిచూసుకున్నాక, పిల్లలకు ఏం నేర్పిస్తావని అడిగింది. కోటిరత్నం తనకు తెలిసిన నిజం చెప్పింది. సీరియల్ ఫైటుకూ బయట ఫైటుకూ సంబంధం లేదు. బయట ఎవడూ వంతు కోసం ఆగడు. చీరలో కాలు నడుముకు పైకి లేవదు, లేపితే మనమే పడతాం. గట్టిగా అరవాలి, మోకాలి కింద ఎముక మీద ఒక్కటి తన్నాలి, పరిగెత్తాలి. నేర్పాల్సింది అంతే.

వసుంధరమ్మ ఉత్సాహం చల్లబడింది.

"పరిగెత్తేదానికి ట్రైనింగ్ ఏందమ్మా? పెద్దారవీడు బస్సు కోసం మా పిల్లలు రోజూ పరిగెత్తతానే ఉన్నారు గదా."

"బస్సు దొరకతాందా మేడమ్?"

"దొరకదు. షంషుద్దీన్ ఆటో ఎక్కి పోతారు. అది వేరే సంగతి." వసుంధరమ్మ టీ కప్పు పక్కన పెట్టింది. "నాకు నిజమైన ఫైటింగ్ కావాల. నువ్వు చెప్పేది నమ్మేటట్లు లేదు."

నమ్మేటట్లు ఎట్లా ఉంటుందో కూడా ఆమే వివరించింది. మహిళా దినోత్సవం రోజు గ్రౌండులో, పిల్లల ముందు, తల్లిదండ్రుల ముందు, ఎనిమిదిమంది మగవాళ్ళను పడగొట్టాలి. చివర్లో ఏదన్నా గట్టి వస్తువు చేత్తో పగలగొట్టాలి. టీవీలో ఉన్నంత నిజంగా ఉంటే ఉద్యోగం అప్పుడే ఇచ్చేస్తుంది. మార్కాపురంలో పగలగొట్టదగిన గట్టి వస్తువు ఏముంటుందని ఆలోచించాల్సిన పని లేదు. పలక.

*

ముందు మగవాళ్ళను వెతకాలి. కాలేజీ గేటు ముందు ఆటో స్టాండు ఉంది. అక్కడ షంషుద్దీన్ పెద్దమనిషి లాంటివాడు. వయసు ముప్పై దాటలేదు గానీ గొడవలన్నీ అతనే తీరుస్తాడు. కోటిరత్నం అడిగితే అతను తల గోక్కున్నాడు. మనుషులైతే ఉన్నారక్కా, పడేదే కష్టం అన్నాడు. రేపు స్టాండులో నిలబడితే, ఆడమనిషి కొడితే పడినావంట గదా అని ప్యాసింజర్లు నవ్వితే ఎట్ల?

కోటిరత్నం వాళ్ళను గ్రౌండులో ఇసుక మీద కూర్చోబెట్టి అసలు రహస్యం చెప్పింది. ఫైటు కొట్టేవాళ్ళది కాదు, పడేవాళ్ళది. చెయ్యి గాలిలో ఊపడం ఎవరైనా చేస్తారు. దెబ్బ తగలకుండా తగిలినట్టు ఎగిరి, భుజం మీద దొర్లి, కళ్ళు తేలేసి పడడమే విద్య. హీరోయిన్‌కు పేరు వస్తుంది గానీ, పడేవాడు సరిగ్గా పడకపోతే ఆమె ఈగలు తోలినట్టుంటుంది. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె ఒకసారి పడి చూపించింది. ఇసుక లేచింది. షంషుద్దీన్ చెప్పులు విడిచి, చొక్కా మడిచి, నేనొకసారి చూస్తానన్నాడు.

నాలుగు రోజుల్లో కథ తారుమారైంది. పడడానికి సిగ్గుపడినవాళ్ళు పడడానికి పోటీ పడ్డారు. చేలు లేక ఆటో కొన్న మాలకొండయ్య అందరికంటే చివర పడతానని పట్టుబట్టాడు, చివరివాడికే చప్పట్లు ఎక్కువని. ఇంకొకడు బడ్డీకొట్టు మీద పడేట్టు అవకాశం ఇమ్మన్నాడు, ఆ కొట్టు తన బామ్మర్దిదేనని. కిరాయికి పోతూ పోతూ ఆటో ఆపి రోడ్డు పక్క ఒక పల్టీ కొట్టి మళ్ళీ ఎక్కినవాళ్ళున్నారు. ప్యాసింజర్లు తొందరపడలేదు, ఇంకొకటి కొట్టమని అడిగారు.

ఒక్క అనుమానం మాత్రం కోటిరత్నానిదే. ఎనిమిదిమంది ఒకరి తర్వాత ఒకరు వస్తే జనం నమ్ముతారా? షంషుద్దీన్‌కు అందులో వింత కనపడలేదు.

"నమ్మకపోవడమేందక్కా. స్టాండులో లైను తప్పి ఎవడన్నా ముందుకొస్తే మేమే తంతాం. ఒకరెనక ఒకరు రావడమే మా పద్ధతి."

సీరియల్ రౌడీలు అట్లా ఎందుకు నిలబడతారో కోటిరత్నానికి నాలుగేళ్ళ తర్వాత అర్థమైంది. వాళ్ళూ ఎక్కడో ఆటోలు నడిపి ఉంటారు.

*

పలక సంగతి కష్టమైంది. షూటింగుల్లో పగలగొట్టే వస్తువులను వెనకనుంచి సగం కోసి, కోత కనపడకుండా పూత పూస్తారు. అదే చేయాలనుకుంది. పగిలే పలక ఒకటి కావాలని నాయనను అడిగింది.

"పగిలే పలక నా దుకాణంలో లేదమ్మా," అన్నాడు నాగేశ్వర్లు. చెప్పిన తీరు, తాగిన మనిషి మా ఇంట్లో లేడని చెప్పినట్టుంది.

బజారులో మిగతా పలకలవాళ్ళను అడిగింది. ఒక్కరూ ఒప్పుకోలేదు. పగిలేవి పక్క దుకాణంలో దొరుకుతాయని మాత్రం ప్రతివాడూ చెప్పాడు. చివరికి నాయన భోజనానికి వెళ్ళినప్పుడు తమ దుకాణంలోంచే ఒక మందమైన పలక తీసి, కోత మిషను దగ్గరికి పోయి, వెనకవైపు నిలువునా సగం లోతు కోయించింది. కోతలో రాతిపొడి, జిగురు కలిపి నింపింది. ఆరాక చూస్తే తనకే కనపడలేదు. గోనెసంచిలో చుట్టి, పైన కాలేజీ పేరు రాసి, దుకాణంలో మూలన పెట్టింది.

మహిళా దినోత్సవం నాటి పొద్దున కోటిరత్నం ముందుగా గ్రౌండుకు వెళ్ళింది. సంచీ వెనకాల పంపమని నాయనకు చెప్పి వెళ్ళింది. తన దుకాణం నుంచి బయటికి పోయే సరుకును నాగేశ్వర్లు తట్టకుండా పంపడు. సంచీ విప్పి, పలక తీసి, కణుపుతో తట్టాడు.

దబ్బుమంది.

ఆయన ముఖంలో రక్తం ఇంకింది. చీలిక ఉన్న పలక, అదీ దుకాణం పేరుతో, అదీ ఊరంతా చూసే చోటికి, అదీ కన్నకూతురి చేతికి. స్తంభాన్ని పగలగొట్టిన పిల్ల పగిలేది అడిగిందని ఎవరో ఈ నాసిరకం ముక్క అంటగట్టారు. దీన్ని పగలగొడితే ఆమెకేమి గొప్ప, పలకలవాడు సొంత బిడ్డనే మోసం చేశాడంటారు. ఊరిలో సగంమంది ఆ సీరియల్‌ను నవ్వుకుంటూ చూసినవాళ్ళే. నవ్వకుండా, అక్షరమక్షరం నమ్మి చూసినవాడు నాగేశ్వర్లు ఒక్కడే. ఆయన అటక ఎక్కి, వాళ్ళ నాయన కాలంలో పాత క్వారీ అడుగునుంచి తీసిన పలకను, ఎవరికీ అమ్మకుండా దాచుకున్నదాన్ని, కిందికి దించాడు. తట్టాడు. గుడిగంటలా మోగింది. గుడ్డతో తుడిచి, అదే సంచీలో పెట్టి, తనే మోసుకుంటూ వెళ్ళాడు. పలకా నాదే, కూతురూ నాదే, ఏది గెలిచినా నాదే అనుకుంటూ వెళ్ళాడు.

*

గ్రౌండులో ముఖ్య అతిథి అప్పటికి గంటనుంచి మాట్లాడుతున్నాడు. స్త్రీ ఆదిశక్తి అన్నాడు, భూమాత అన్నాడు, సహనానికి మారుపేరు అన్నాడు. ఆదిశక్తులు ఎండలో కూర్చుని పుస్తకాలు తలమీద పెట్టుకున్నారు. మంచినీళ్ళ ట్యాంకరు ఇంకా రాలేదు. మైకు వెనక ఎనిమిదిమంది ఆటోవాళ్ళు నల్లచొక్కాలు వేసుకుని, వేషం కోసం పెట్టుకున్న మీసాలు చెమటకు జారుతుంటే ఒత్తుకుంటూ నిలబడ్డారు, లైనులోనే.

ఫైటు అయితే అద్భుతంగా జరిగింది. మొదటివాడు దెబ్బ పడకముందే పడ్డాడు. పొరపాటు గ్రహించి లేచి, మళ్ళీ కొట్టక్కా అని అందరికీ వినపడేట్టు అడిగి, మళ్ళీ పడ్డాడు. రెండోవాడు వేదిక మీదికి దొర్లి ముఖ్య అతిథి దండలో చిక్కుకున్నాడు. షంషుద్దీన్ గాలిలో ఒక చుట్టు తిరిగి, కింద పడ్డాక కూడా కాలు వణికించాడు. అమ్మాయిలు ఈలలు వేశారు. చివర మాలకొండయ్య ఎంతకీ పడలేదు. తన్ను తిని, తూలి, నిలబడి, మళ్ళీ తన్ను తిని, ఆకాశం వైపు చూసి ఎవరినో తలచుకుని, అప్పుడు నిదానంగా కూలిపోయాడు. వసుంధరమ్మ కుర్చీ అంచుమీదికి జరిగింది. తొంభైపాళ్ళు నమ్మినట్టే కనపడింది.

ఇటుకల మీద పలక పెట్టారు. కోటిరత్నం ఊపిరి బిగబట్టి, సీరియల్లో లాగా చెయ్యి పైకెత్తి, ఒక్కటి వేసింది.

కంగుమంది.

ఆ మోత ఆమెకు పుట్టినప్పటినుంచి తెలుసు. కోసిన పలక అట్లా మోగదు. ఇది ఆమె పలక కాదు. తలెత్తి చూసింది. ముందువరసలో నాయన, తెల్లచొక్కా వేసుకుని, ఆ మోత విని కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు, మంచి పాట విన్నవాడిలా. కళ్ళు తెరిచి, ఇంకొకటి కొట్టమన్నట్టు కూతురికి చెయ్యి చూపించాడు. ఆ ముఖంలో రవ్వంత అనుమానం లేదు.

పలక మారిపోయిందని మైకులో చెప్పవచ్చు. చెబితే మొదటి పలక కోసినదని చెప్పాలి, ఫైటంతా వేషమని చెప్పాలి, నాయన ముందు చెప్పాలి. వసుంధరమ్మ అప్పటికే పక్కావిడతో ఏదో గొణుగుతోంది. ఉద్యోగం జారిపోతోంది, దుకాణంలో అటక ఎదురు చూస్తోంది. కోటిరత్నం మళ్ళీ చెయ్యెత్తింది. ఈసారి నిజంగా కొట్టింది.

పలక మోగింది. దానితోపాటు ఇంకేదో చిన్నగా టక్కుమంది.

"ఓరి నీ పలక తగలెయ్య నాయనా, చెయ్యి ఇరిగిందీ," అని కోటిరత్నం పెట్టిన కేక మైకు లేకుండానే గేటు అవతల బజ్జీల బండి దాకా పోయింది. ఆ కేక వినగానే, అప్పుడే లేచి మట్టి దులుపుకుంటున్న ఎనిమిదిమంది ఆటోవాళ్ళు, నేర్చుకున్న విద్య కాబట్టి, మళ్ళీ పడిపోయారు. ముఖ్య అతిథి కుర్చీ వెనక దాక్కున్నాడు. కోటిరత్నం చెయ్యి కడుపుకు అదుముకుని, అడ్డొచ్చిన పూలకుండీని ఒక్క తన్ను తన్ని, గేటువైపు పరుగు తీసింది. అంత వేగంగా ఆమె సీరియల్లో ఎప్పుడూ పరిగెత్తలేదు. ఆటోలో కూర్చుని వెనక్కి చూస్తే నడపాల్సిన మనిషి గ్రౌండులో కళ్ళు తేలేసి పడి ఉన్నాడు. ఆసుపత్రికి పోవాలి లెయ్యి షంషూ అని అరిచింది.

"కట్ అన్లేదు గదక్కా," అన్నాడు షంషుద్దీన్ కదలకుండా.

కట్ అంది. ఎనిమిదిమందీ లేచారు.

*

ఎముకల డాక్టరు కట్టు కడుతుంటే నాగేశ్వర్లు మంచం పక్కన నిలబడి ఆ సిమెంటు కట్టును కూడా ఒకసారి తట్టి చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అర్థం కాకపోవడమే ఆయన బాధ. ఆ స్తంభాన్ని పగలగొట్టిన చెయ్యి ఇది, ఇట్లా ఎందుకయింది?

"అది థర్మకోల్ నాయనా," అంది కోటిరత్నం. నొప్పికి ఇంక ఏదీ దాచే ఓపిక లేదు. "రాయి గాదు. నువ్వు తీసి పారేసిన పలక గూడా నేనే కోయించినా."

నాగేశ్వర్లు స్టూలు మీద కూలబడ్డాడు.

"అయితే తాండూరోళ్ళని ఊరికే తిట్టినానే," అన్నాడు.

అప్పుడు వసుంధరమ్మ తలుపు తోసుకుని వచ్చింది, రెండు బత్తాయిలు పట్టుకుని. కోటిరత్నం లేవబోతే వద్దంది. ఈసారి వెనక్కి తిరగమని అడగలేదు. కుర్చీ మంచానికి ఎదురుగా లాక్కుని, ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

"నాలుగేండ్లు చూసినా ఆ సీరియలు. ఆ పిల్ల అద్దాలు పగలగొట్టింది, స్తంభాలు పగలగొట్టింది. ఒక్కసారన్నా అబ్బా అన్లేదు. నువ్వన్నావు." బత్తాయిలు మంచం మీద పెట్టింది. "నువ్వు కేక పెట్టినప్పుడు నేనూ లేచి నాలుగడుగులు పరిగెత్తినానమ్మా, ఎందుకో తెలీకుండా. అది నిజం. సోమవారం నుంచి రా."

"చెయ్యి ఇరిగింది గదా మేడమ్."

"పరిగెత్తేది కాళ్ళతోనే అంటివి గదా."

వసుంధరమ్మకు పోయినసారి పరుగు వద్దన్న సంగతి గుర్తున్నట్టు లేదు. కోటిరత్నం గుర్తు చేయలేదు.

నాగేశ్వర్లు పలకను దుకాణం ముందు వేలాడదీశాడు. దానిమీదే సుద్దతో, "కోటిరత్నం కొట్టినా పగలనిది" అని రాశాడు. ఆమె చెరిపేయమంది. ఆయన వినలేదు. కూతురి పేరు ఊళ్ళో మొదటిసారి బోర్డుకెక్కిందంటే చెరపమంటావేందని అడిగాడు. గిరాకీ కొంచెం పెరిగింది కూడా. కొనేవాళ్ళు ముందు ఆ పలకను తట్టి, ఆ తర్వాత కాలేజీ వైపు పోయి, గ్రౌండులో కట్టు కట్టుకున్న చేతితో అమ్మాయిలను పరిగెత్తిస్తున్న మనిషి ముఖం చూసి పోయేవాళ్ళు.

పాఠం అంతే. అరుపు, మోకాలి కింద ఒక తన్ను, పరుగు. ఆటోవాళ్ళు మొదటివారం రోజూ గేటు దగ్గరికి వచ్చి, ఈరోజు పడేదేమన్నా ఉందా అని అడిగారు. లేదంటే నిరాశగా వెళ్ళారు. రెండో నెల మధ్యలో షంషుద్దీన్ ఒక్కడే వచ్చాడు. చేతులు కట్టుకుని, అమ్మాయిలు గ్రౌండు చుట్టూ నాలుగో చుట్టు తిరుగుతుంటే చూస్తూ నిలబడ్డాడు. కాలేజీ గంట కొట్టింది. పెద్దారవీడు బస్సు స్టాండులోంచి కదిలి మలుపు తిరిగింది. అమ్మాయిలు పుస్తకాలు చంకన పెట్టుకుని ఒక్కసారిగా అరుస్తూ రోడ్డెక్కారు. ఆ అరుపుకే డ్రైవరు బ్రేకు వేశాడు. అందరూ ఎక్కేశారు. ఆఖరి పిల్ల మెట్టుమీద నిలబడి షంషుద్దీన్‌కు చెయ్యి ఊపింది.

గేటు ముందు ఎనిమిది ఆటోలు లైనులో ఖాళీగా ఉన్నాయి.

"ఆ పొద్దు గ్రౌండులో ఉత్తుత్తిగ పడినాం గానక్కా," అన్నాడు షంషుద్దీన్, "ఇప్పుడు నిజంగ పడగొట్టినావు మమ్మల్ని."

కోటిరత్నం నవ్వు ఆపుకుని, వెలిగండ్ల వైపు బస్సులు తక్కువ కదా, ఆ కిరాయిలు చూసుకోమని సలహా ఇచ్చింది. అతను తల ఊపి ఆటో ఎక్కాడు. ఎక్కేముందు, అలవాటు కొద్దీ, ఇసుక మీద ఒక పల్టీ కొట్టాడు.